పొగ మానేవారికి మూడోరోజు ఎందుకంత కష్టం?

పిల్లలూ! "రేపటినుంచి బీడీ ముట్టను" అని ఒట్టు పెట్టుకున్నవారిని మీ ఇంట్లోనో, మీ వీధిలోనో చూసే ఉంటారు. మొదటిరోజు ఎలాగో గడుస్తుంది. రెండోరోజు ఆ మనిషి చీటికిమాటికి చిరాకు పడతాడు. మూడోరోజు సాయంత్రం టీకొట్టు దగ్గర వేళ్లమధ్య మళ్లీ బీడీ వెలుగుతుంది. "మనసు గట్టిది కాదు" అని పక్కవాళ్లు తేల్చేస్తారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నన్ను ఇలా అడిగింది: "మా నాన్న నామీద ఒట్టువేసి కూడా మళ్లీ తాగాడు. అంటే నేనంటే ఆయనకు ఇష్టం లేదా మాస్టారూ?"

ఇష్టం ఉంది. ఉన్నా ఒట్టు ఎందుకు నిలవలేదో తెలియాలంటే కొంచెం జీవశాస్త్రం, కొంచెం లెక్కలు చూడాలి.

పొగాకు మొక్క తన వేర్లలో నికోటిన్ అనే పదార్థాన్ని తయారుచేసి ఆకులకు పంపుతుంది. ఆకు తినవచ్చే పురుగులకు అది విషం. 1828లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పోసెల్ట్, రైమన్ అనే ఇద్దరు దీన్ని పొగాకునుంచి శుద్ధరూపంలో విడదీశారు. పొగ పీల్చినప్పుడు ఈ నికోటిన్ ఊపిరితిత్తులనుంచి రక్తంలోకి, రక్తంనుంచి మెదడుకు పది, ఇరవై సెకన్లలో చేరుతుంది.

మెదడులో నాడీకణాలు ఒకదానితో ఒకటి కబురు పంపుకోవడానికి వాడే పదార్థాలలో ఎసిటైల్‌కోలిన్ ఒకటి. దాన్ని అందుకోవడానికి కణాలమీద గ్రాహకాలు ఉంటాయి. గ్రాహకం తాళంకప్ప అయితే ఎసిటైల్‌కోలిన్ తాళంచెవి. నికోటిన్ దొంగ తాళంచెవి. అదే కప్పలో ఇట్టే ఇమిడిపోతుంది. దానితో డోపమిన్ అనే మరో పదార్థం విడుదలై హాయిగా అనిపిస్తుంది. రోజూ ఇలా జరుగుతుంటే మెదడు గ్రాహకాల సంఖ్య పెంచుకుంటుంది. ఇంటికి రోజూ చుట్టాలు వస్తుంటే పీటలు ఎక్కువ చేయించుకుంటాం చూడండి, అలాగన్నమాట. (చుట్టాలంటే బంధువులే సుమా, నోట్లో పెట్టుకునే చుట్టలు కావు!) ఒకరోజు చుట్టాలు రావడం ఆగిపోతుంది. పీటలు మాత్రం అన్నీ వేసే ఉన్నాయి. ఆ వెలితే చిరాకుగా, నిద్ర పట్టకపోవడంగా, ఆకలిగా, చదువుతున్న పేపరుమీద కూడా ధ్యాస నిలవకపోవడంగా బయటపడుతుంది.

ఇప్పుడు లెక్క. రక్తంలోని నికోటిన్ సుమారు 2 గంటలకు సగమవుతుంది. రాత్రి 9 గంటలకు చివరి బీడీ తాగారనుకోండి. 11 గంటలకు ఉండేది 1/2 వంతు. ఒంటిగంటకు 1/4. మూడింటికి 1/8. తెల్లవారుజామున 5 గంటలకు 1/16. పక్కమీదనుంచి లేవగానే చెయ్యి అగ్గిపెట్టెకోసం తడుముకోవడానికి కారణం ఈ భిన్నమే. "తాగితేగాని మనసు నెమ్మదించదు" అంటారే, ఆ అలజడిని పెట్టిందీ నికోటినే. నెత్తిన బరువు తానే పెట్టి, తానే దించి, కూలి అడిగినట్టుంది దాని వ్యవహారం.

అందుకే మానిన మొదటి రెండుమూడు రోజులు అన్నిటికంటే కష్టం. నికోటిన్ దాదాపు పోయింది, గ్రాహకాలు ఇంకా తగ్గలేదు. రెండునుంచి నాలుగు వారాల్లో చిరాకు, అలజడి చాలావరకు సర్దుకుంటాయి. గ్రాహకాలు మామూలు సంఖ్యకు రావడానికి రెండుమూడు నెలలు కూడా పట్టవచ్చు.

అయితే కోరిక రోజంతా ఒకేలాగా ఉండదు. అలలాగా లేస్తుంది, పడిపోతుంది. రష్యా శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్ కుక్కల సంగతి మీరు చదివే ఉంటారు. తిండి పెట్టేముందు రోజూ ఒక శబ్దం వినిపిస్తే, కొన్నాళ్లకు ఆ శబ్దం వినగానే కుక్కకు నోరూరేది. పొగతాగేవారికి టీగ్లాసు, భోజనం ముగించి చెయ్యి కడుక్కోవడం, బస్సుకోసం నిలబడటం, పాత స్నేహితుడి గొంతు అలాంటి గంటలు. గంట మోగగానే అల లేస్తుంది. బీడీ దొరకకపోయినా చాలాసార్లు అయిదు నిమిషాల్లో, మహా అయితే పది నిమిషాల్లో అది తనంతట తానే దిగిపోతుంది. ఈ సంగతి తాగేవారిలో చాలామందికి తెలియదు. ఎందుకంటే వారెప్పుడూ అది దిగేదాకా ఆగి చూడలేదు!

ఇక్కడ మీరు చేయగలిగిన పని ఒకటి ఉంది. మీ నాన్నగారో, తాతగారో తమంతట తాము మానాలని నిర్ణయించుకుంటే, వారిని అడిగి, ఒక నోటుపుస్తకంలో పట్టిక గీయండి. కోరిక మొదలైన వేళ, తగ్గిన వేళ, అంతకుముందు ఏం చేస్తున్నారు, పదికి ఎంత బలంగా ఉంది: ఈ నాలుగు గళ్లు చాలు. వారం గడిచాక గ్రాఫు కాగితంమీద గీసి చూపించండి. ఏ గంట ఎక్కువ మోగుతోందో ఇద్దరికీ తెలుస్తుంది. భోజనం తరవాతే ఎక్కువైతే, చెయ్యి కడుక్కోగానే "పదండి నాన్నగారూ, వీధి చివరిదాకా నడిచివద్దాం" అనండి. చురుకైన నడక కోరిక బలాన్ని తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది. గ్లాసుడు నీళ్లు మెల్లగా తాగడం, పది దీర్ఘశ్వాసలు, నోట్లో సోంపో, లవంగమో వేసుకోవడం కూడా ఆ అయిదు నిమిషాలు దాటడానికి పనికొస్తాయి. వక్కపొడి మాత్రం వద్దు. వక్క కూడా క్యాన్సర్ కారకమే.

టీ, కాఫీల విషయం చాలామంది పట్టించుకోరు. పొగలోని కొన్ని పదార్థాలు కాలేయంలో కెఫీన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఎక్కువ చేస్తాయి. అందువల్ల పొగతాగేవారి ఒంట్లో కెఫీన్ త్వరగా ఖర్చయిపోతుంది. పొగ మానగానే ఆ ఎంజైము తగ్గుతుంది. రోజుకు ఆరు కప్పుల టీ తాగే మనిషి అవే ఆరు కప్పులు తాగుతూ ఉంటే, రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపు కావచ్చు. గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి వస్తాయి. ఆయన "బీడీ మానడంవల్లే ఈ బాధ" అనుకుని మళ్లీ ముట్టిస్తాడు! టీ సగానికి తగ్గిస్తే ఈ చిక్కు చాలావరకు వదులుతుంది.

లాభాలు కూడా త్వరగానే మొదలవుతాయి. 20 నిమిషాల్లో నాడి వేగం తగ్గుతుంది. హిమోగ్లోబిన్‌ను అంటిపెట్టుకున్న కార్బన్ మోనాక్సైడు ఒకటి రెండు రోజుల్లో వదిలిపోతుంది.

బీడీలు దాచేయడం, అందరిముందు నిలదీయడం, "ఒట్టు తప్పావు" అని ఏడవడం చేయకండి. సిగ్గు కూడా ఒక గంటే, అది మోగినా చెయ్యి జేబులోకే పోతుంది. ఒక బీడీ తాగితే ప్రయత్నం మొత్తం పాడైనట్టు కాదు. శాశ్వతంగా మానినవారిలో చాలామంది అంతకుముందు ఒకటికి రెండుమూడుసార్లు తప్పినవారే. "ఏ వేళప్పుడు తాగాలనిపించింది నాన్నా?" అని అడిగి పట్టికలో రాసుకోండి.

అలవాటు మరీ ముదిరినవారికి డాక్టర్లు నికోటిన్ చూయింగ్‌గమ్ ఇస్తారు. దీని కథ సరదాగా ఉంటుంది. స్వీడన్‌లో జలాంతర్గాముల్లో పొగతాగే వీలులేని నావికులు నమిలే పొగాకుతో సరిపెట్టుకుంటున్నారని 1960ల చివర ఫెర్నో అనే రసాయన శాస్త్రజ్ఞుడికి కబురందింది. పొగ లేకుండా నికోటిన్ మాత్రం కొద్దికొద్దిగా ఇస్తే ఎలా ఉంటుందని ఆయన ఆలోచించాడు. ఆ గమ్ 1978లో స్విట్జర్లాండులో మొదట అనుమతి పొందింది. మామూలు గమ్‌లా గబగబా నమలకూడదు. కాసేపు నమిలి, నోరు చురుక్కుమనగానే బుగ్గకూ చిగురుకూ మధ్య ఉంచుకోవాలి. పిల్లలు దాని జోలికి పోకూడదు.

మీలోనే ఎవరైనా స్నేహితుల మాటకు ఒకటి రెండు సిగరెట్లు తాగి ఉంటే, పైన చెప్పిన పీటల లెక్క మీకూ వర్తిస్తుంది. ఎదిగే వయసు మెదడు ఇంకా త్వరగా అలవాటు పడుతుంది. తిట్టకుండా వినే పెద్దవారొకరిని చూసుకుని ఈవారమే చెప్పండి.

మానాలనుకునేవారితో మాట్లాడటానికి ప్రభుత్వం 2016లో ఉచిత ఫోను సేవ ఏర్పాటుచేసింది. నంబరు 1800-11-2356. చాలా జిల్లా ఆసుపత్రుల్లో పొగాకు మాన్పించే కేంద్రాలు కూడా ఉన్నాయి. ఫోను చేయవలసింది, ఆసుపత్రికి వెళ్లవలసింది నాన్నగారే. నంబరును పెద్ద అంకెల్లో రాసి పట్టిక పక్కన అతికించడం, వెళ్లేరోజు తోడుగా బయలుదేరడం మీరు చేయవచ్చు.