లెక్కకు నిలిచే లక్ష్యం రాయి

దజీజ్, కువైట్

అల్లుడూ,

నువ్వు పంపిన ప్రాజెక్టు కాగితం శ్రద్ధగా చదివాను. రాజంపేట, రైల్వేకోడూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి హసావి ప్రాంతంలో గదుల్లో ఉంటున్న మనవాళ్ళ కోసం మీరు నలుగురు కుర్రాళ్ళు శుక్రవారం సెలవు వదులుకుంటామనడం నాకెంతో సంతోషం. బీమాను ఎంచుకోవడమూ మంచిదే. 2024 జూన్ 12న మంగఫ్‌లో కార్మికులు ఉండే భవనం తగలబడి కనీసం 45 మంది భారతీయులు పోయారు. వాళ్ళలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. ఆ తర్వాత బీమా ఎందుకని అడిగేవాళ్ళు ఉండరు.

అయితే లక్ష్యం అని పెట్టినచోట నువ్వు రాసిన వాక్యం ఇది: ‘కువైట్‌లోని తెలుగు కార్మికులలో ప్రవాసీ భారతీయ బీమా యోజనపై అవగాహన పెంపొందించి, వారి సంక్షేమానికి కృషి చేయడం.’ ఏడాది తర్వాత ఇది నెరవేరిందని నువ్వంటావు, లేదని ఇంకొకరంటారు. ఎవరి మాట నిజమో తేల్చే దారి లేదు. అది మీ ఆశయం, కాగితం పైన అలాగే ఉండనీ. దాని కింద మాత్రం, ఎవరు చూసినా అయిందో లేదో చెప్పగలిగే లక్ష్యాలు రెండో మూడో రాయి.

ముందు ఈ రోజు పరిస్థితి ఏమిటో తెలుసుకో. ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు తప్పనిసరైన పాస్‌పోర్టు మీద వచ్చేవాళ్ళు ఆ క్లియరెన్సుతో పాటే ఈ పాలసీ తీసుకుంటారు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పనికి దూరమయ్యేలా దెబ్బతిన్నా 10 లక్షల రూపాయలు వస్తాయి. ప్రీమియం పన్నులు కాక రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయలు. కఫీల్ (యజమాని) మారినా పాలసీ చెల్లుతుంది. తీసుకునేటప్పుడు అందరూ తీసుకున్నవాళ్ళే. అకామా (నివాస అనుమతి) గడువు మీద కన్నేసి ఉంచుతారు, బతాకా (గుర్తింపు కార్డు) జేబులో భద్రంగా ఉంటుంది, బీమా గడువు మాత్రం ఎవరికీ గుర్తుండదు. కాబట్టి నువ్వు పట్టుకోవాల్సింది రెన్యూవల్. ఎన్ని సభలు పెట్టారు, ఎన్ని కరపత్రాలు పంచారు అన్నది మీరు చేసిన పని లెక్క. ఎంతమంది చేతిలో గడువున్న పాలసీ ఉంది అన్నది వాళ్ళకు జరిగిన మేలు లెక్క. లక్ష్యంలో ఈ రెండో లెక్క రాయాలి.

మొదటి అంకె లేకపోతే చివరి అంకెకు విలువ లేదు. ఐక్యరాజ్య సమితి సహస్రాబ్ది లక్ష్యాల్లో ఒకటి చూడు: ఐదేళ్ళలోపు పిల్లల మరణాలను 1990 నుంచి 2015 నాటికి మూడింట రెండు వంతులు తగ్గించాలి. ప్రపంచం మొత్తం మీద వెయ్యి జననాలకు 90 ఉన్నది 43కి దిగింది. లక్ష్యం అందలేదు. అయినా ఎంత దూరం వచ్చామో, ఇంకా ఎంత మిగిలిందో ప్రపంచానికి తెలిసింది. సరిగ్గా రాసిన లక్ష్యం తప్పినప్పుడు కూడా మనకు దారి చూపుతుంది.

నీ కాగితంలో ఇలా రాయి. ఒకటి: హసావిలో మనం ఎంచుకున్న నాలుగు భవనాల్లోని తెలుగువాళ్ళ పాలసీ గడువుల పట్టిక మార్చి 31 లోగా తయారవుతుంది. రెండు: గడువు తీరినట్టు తేలి, అర్హత ఉన్నవాళ్ళలో నూటికి 60 మంది సెప్టెంబరు 30 లోగా ఆన్‌లైన్‌లో రెన్యూవల్ చేసుకుంటారు. మూడు: వాళ్ళందరి పాలసీ కాపీ అదే తేదీకి ఊళ్ళో నామినీ ఫోన్‌లో ఉంటుంది. ఇంట్లోవాళ్ళకు తెలియని పాలసీ ఆపదలో అక్కరకు రాదు. 60 అన్నది నా అంచనా మాత్రమే. పట్టిక వచ్చాక మీరే సరిచేసుకోండి.

ప్రతి లక్ష్యం పక్కన ఒక మనిషి పేరు ఉండాలి. లక్ష్యాలు ఎలా రాయాలో చెప్పే ‘స్మార్ట్’ సూత్రాన్ని జార్జ్ డోరన్ 1981 నవంబరులో ప్రకటించినప్పుడు, పని ఎవరికి అప్పగించారన్నది అందులో ఒక అంశం. ఇప్పుడు చాలామంది ఆ స్థానంలో సాధ్యమయ్యేదా అన్న ప్రశ్న పెడుతున్నారు. మీకు రెండూ కావాలి. ‘మా బృందం చేస్తుంది’ అని రాస్తే అడగడానికి మనిషి దొరకడు.

సాధ్యాసాధ్యాలు ఇక్కడి రోజుల్ని బట్టి చూసుకో. జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు పగలు 11 నుంచి 4 దాకా ఎండలో పని నిషేధం కనుక బయట పనిచేసేవాళ్ళ వేళలు మారిపోతాయి. రంజాన్ నెల వేళలు వేరు. ఈ దేశంలో అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం నేరం. కాబట్టి నిధుల సేకరణ అన్న మాట కొట్టెయ్. ప్రీమియం ఎవరిది వాళ్ళే కట్టుకుంటారు. బతాకా, పాస్‌పోర్టు జిరాక్సులు మీ దగ్గర పోగు చేయవద్దు. పట్టికలో పేరు, గడువు తేదీ, ఫోన్ నంబరు చాలు.

ఇంకొక్క మాట. అంకె పెట్టగానే మనసు సులువుగా దొరికేవాళ్ళ వైపు లాగుతుంది. భవనాల్లో ఉండే మగవాళ్ళతోనే నీ 60 నిండిపోవచ్చు. ఖాదిమ్ (ఇంటిపని) వీసా మీద వచ్చి ఇళ్ళల్లో పనిచేసే మన కడప, గోదావరి ఆడవాళ్ళు ఆ లెక్కలోకి రారు. బయటికి వచ్చే వీలు వాళ్ళకు తక్కువ. వాళ్ళ కోసం విడిగా ఒక లక్ష్యం రాయి, ఫోన్‌లోనే పూర్తయ్యేలా చూడు, సంఖ్య చిన్నదైనా ఫరవాలేదు. ఈ పనికి మీతో ఒక ఆడపడుచు ఉండటం మంచిది.

తిరగరాశాక ఈ ప్రాజెక్టు సంగతి ఏమీ తెలియని ఒకరి చేత చదివించు. ఏ తేదీన ఏం చూసి అయిందో కాలేదో చెబుతావని అడుగు. అతను తడుముకోకుండా చెబితే కాగితం సిద్ధమైనట్టే. తడబడితే ఆ వాక్యం మళ్ళీ రాయి. మనల్ని నమ్మి పేరు, గడువు చెప్పుకునే మనిషికి మనం ఇచ్చే మాట అది. మాటను తేదీతో, అంకెతో, పేరుతో ఇవ్వు.

ఇట్లు,
మీ మామ