శాస్త్రప్రామాణ్యము – రక్షణ

హుగ్లీనదికి పడమటి యొడ్డున, కలకత్తా నగరమున కెదురుగా హౌరా కలదు. అందలి శిబ్‌పూర్ ప్రాంతమున, వృక్షశాస్త్రోద్యానమునకు ప్రక్కగా, 1820 వ సంవత్సరాంతమున బిషప్స్ కాలేజీకి శంకుస్థాపన జరిగినది. కలకత్తాకు మొదటి ఆంగ్లికన్ బిషప్పైన థామస్ మిడిల్టన్ దాని స్థాపకుడు. ఈ దేశమున క్రైస్తవ బోధకులను సిద్ధపరచుటయు, బైబిలును దేశభాషలలోనికి తెచ్చుటయు ఆ విద్యాలయపు ముఖ్యోద్దేశములు. సరిగా ఆ సంవత్సరముననే నది కావలి యొడ్డున రామమోహనరాయ్ క్రీస్తు ఉపదేశములను ఏర్చి కూర్చి యొక చిన్న పుస్తకముగా ప్రకటించెను. శాంతిసుఖములకు అవియే మార్గమని దాని పేరే చెప్పుచుండెను. ఈ రెండు కార్యములును ఒకే ప్రశ్నను రెండు దిక్కులనుండి తాకినవి. మానవుడు రక్షణ పొందుటకు శాస్త్రము నమ్మదగినదై యుండుట అవసరమా? అవసరమైనచో, శాస్త్రములోని యే భాగము?

హిందువునకు ఈ ప్రశ్న మొదట కొంత వింతగా తోచును. మీమాంసకుల మతమున వేదము అపౌరుషేయము. దానికి కర్త లేడు. అది ఒకానొక దినమున జరిగిన సంఘటనను చెప్పునది కాదు. వేదాంతికి బ్రహ్మవిషయమున శ్రుతియే ప్రమాణము. అయినను మోక్షము జ్ఞానమువలన సిద్ధించును. ఆ స్థితియందు వేదములును వేదములు కాకపోవునని బృహదారణ్యకమే చెప్పుచున్నది. క్రైస్తవమున విషయము వేరు. అచట రక్షణకు మూలము ఒక సంఘటన. పొంతి పిలాతు అధికారమున నుండగా ఒకరు సిలువ వేయబడిరి, మూడవనాడు లేచిరి, అందువలన మానవుల పాపమునకు ప్రాయశ్చిత్తము జరిగినది అనునది ఆ విశ్వాసము. జరిగిన సంగతి జరిగినట్లు మనకు తెలియుట ఎట్లు? చూచినవారి సాక్ష్యమువలన. మన నైయాయికుల మాటలలో చెప్పవలెనన్న, ఇది ఆప్తవాక్యమను ప్రమాణముపై నిలిచిన మతము. చెప్పినవాడు ఆప్తుడు కాడని తేలినచో, సంగతియే సందిగ్ధమగును. పునరుత్థానము నిజము కానిచో తమ బోధయు వినువారి విశ్వాసమును వ్యర్థమని పౌలు కొరింథీయుల కంత నిర్మొగమాటముగా వ్రాయుటకు కారణ మిదియే.

రామమోహనుడు ఈ ముడిని విప్పజూచెను. ఆయన సువార్తలనుండి నీతిబోధలను, ఉపమానములను గ్రహించి, అద్భుతములను, చరిత్రాంశములను, సిద్ధాంత వాక్యములను విడిచిపెట్టెను. చరిత్రను సంశయవాదులు ఆక్షేపింపవచ్చును. అద్భుతము లందురా, వానిని మించిన కథలు వినుచు పెరిగిన ఆసియావాసులకు అవి పెద్దగా పట్టవు. దైవమును ప్రేమింపుము, పొరుగువానిని ప్రేమింపుము అను బోధ మాత్రము ఏ సాక్ష్యమును కోరదు, విన్నవాని హృదయమే దానికి సాక్షి. ఇది ఆయన తాత్పర్యము. ఆక్షేపణకు లోనుకాని భాగమును వేరుచేసి కాపాడితినని ఆయన తలచెను.

శ్రీరామపురపు బాప్తిస్టు మిషనరీలు అట్లు తలపలేదు. వారిలో జాషువా మార్ష్‌మన్ తమ ‘ఫ్రెండ్ ఆఫ్ ఇండియా’ పత్రికలో దీనిని తీవ్రముగా ఖండించెను. ఆ ఖండనమును కేవలము మతావేశమని త్రోసివేయుట న్యాయము కాదు. మార్ష్‌మన్ వాదములో పట్టు కలదు. మానవుడు తన బలముతో ఆ నీతిని ఆచరింపగలిగినచో రక్షకుడే అక్కరలేదు. ఆచరింపలేడు కనుకనే ప్రాయశ్చిత్తము వలసివచ్చినది. రోగికి ఆరోగ్యసూత్రములను మాత్రము చేతికిచ్చి, ఔషధమును దాచిపెట్టినట్లు ఈ పుస్తక మున్నదని వారి బాధ. చరిత్రను తీసివేసిన, తీసివేయబడినది పైతొడుగు కాదు, రక్షణయే.

రామమోహనుడు ఊరకుండలేదు. హీబ్రూ, గ్రీకు భాషల నభ్యసించి, మూడు విజ్ఞప్తులను వరుసగా ప్రకటించెను: 1820 లో ఒకటి, 1821 లో రెండవది, 1823 లో కడపటిది. కడపటిదానిని ముద్రించుటకు బాప్తిస్టు ముద్రణాలయము సమ్మతింపకపోగా, ధర్మతలలో వేరొక ముద్రణాలయమున అచ్చువేయింపవలసివచ్చెను. నిత్యజీవమునకు మార్గమేమని అడిగినవానికి క్రీస్తు ప్రేమాజ్ఞలనే చూపెనుగదా, ఆయన చాలునన్నది చాలదనుట యెట్లు? ఇది రామమోహనుని ప్రధానమైన ప్రశ్న. గమనింపదగిన దేమనగా, శాస్త్రము నమ్మరానిదని ఆయన ఎచటను వాదింపలేదు. ఆ శాస్త్రవాక్యములనే ప్రమాణముగా గొని త్రిత్వమును, ప్రాయశ్చిత్తమును పూర్వపక్షము చేసెను. వాదము శాస్త్రమునకు బయట గాక, శాస్త్రముపైననే నడచినది.

ఎంత సూక్ష్మముగా నడచినదో తెలుపు సంగతి యొకటి కలదు. 1821 లో విలియం ఆడమ్, విలియం యేట్స్ అను మిషనరీలు రామమోహనునితో కూర్చుండి సువార్తలను వంగభాషలోనికి సరిచూచుచుండిరి. యోహాను సువార్త మొదటి అధ్యాయమున, సృష్టి సమస్తమును వాక్కు ‘దియా’ కలిగినదని యున్నది. ఆ గ్రీకు విభక్తికి ‘చేత’ అని అర్థమా, ‘ద్వారా’ అని అర్థమా? ‘చేత’ అన్నచో వాక్కు స్వయముగా సృష్టికర్త. ‘ద్వారా’ అన్నచో వేరొక కర్తకు సాధనము. తెలుగు చదువరులకు ఈ చిక్కు సులభముగా బోధపడును. “రాముని చేత చంపబడెను”, “బాణము చేత చంపబడెను” అని మన తృతీయావిభక్తి కర్తను కరణమును ఒక్క ప్రత్యయముతోనే చెప్పుచున్నది. మొదట ‘ద్వారా’ అనుటకు ముగ్గురును ఒప్పుకొనిరి. తరువాత యేట్స్ వెనుదీసెను. ఆడమ్ ముందుకే సాగి త్రిత్వమును విడిచి, ఏకత్వవాదియయ్యెను. ఇతడు పతనమైన రెండవ ఆదామని తోడివారు పరిహసించిరి. శిబ్‌పూర్ కళాశాల స్థాపకుడైన మిడిల్టన్ సైతము, క్రొత్త నిబంధనలోని గ్రీకు నిర్దేశకపదమును గూర్చి 1808 లో పెద్ద గ్రంథమే వ్రాసియుండెను. వ్యాకరణము ఇంత బరువు మోయుట ఒక్క మీమాంసకులకే విశేషము కాదు!

ఈ నదీతీరమునకు తెలుగువారితోను సంబంధము కలదు. విశాఖపట్నమున ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ సిద్ధపరచిన తెలుగు సువార్తలు 1812 లో శ్రీరామపురముననే అచ్చయినవి. ఆ యేడు మార్చి 11 న అచటి ముద్రణాలయము కాలిపోయినది, వ్రాతప్రతులెన్నియో బూడిదయైనవి.

వ్రాతప్రతులు కాలును, లేఖకులు తప్పులు చేయుదురు, అనువాదకులు విభక్తులవద్ద తడబడుదురు. అట్లయిన రక్షణ గతియేమి? క్రైస్తవాచార్యులు దీని నెరుగనివారు కారు. మార్కు సువార్త చివరి పండ్రెండు వచనములు ప్రాచీనమైన కొన్ని ప్రతులలో లేవు. యోహాను మొదటి లేఖలో త్రిత్వమును స్పష్టముగా చెప్పు వాక్యము పాత గ్రీకు ప్రతులలో కానరానందున, ఎరాస్మస్ 1516 నాటి తన ముద్రణలో దానిని విడిచి, ఆక్షేపణల పిమ్మట 1522 లో చేర్చెను. రెండవ శతాబ్దివాడైన ఇరేనియస్ అంతకంటెను లోతైన మాట సూచించియున్నాడు: కాగితము, సిరా లేకయే, రక్షణను హృదయములందు వ్రాయించుకొని విశ్వసించు అనాగరిక జాతులు కలవని. సిలువపై క్రీస్తు ప్రక్కన వ్రేలాడిన దొంగ క్రొత్త నిబంధనలో నొక్క పుటయైన చదువలేదు. అప్పటి కది వ్రాయబడనే లేదు.

కనుక రెండు ప్రశ్నలను వేరుపరుపవలసియున్నది. ఒక వ్యక్తి రక్షింపబడుటకు గ్రంథము నిర్దోషమని అతడు నమ్మవలెనా యనునది ఒకటి. ఆ రక్షణవార్త తరతరములకు చెడక అందుటకు నమ్మదగిన గ్రంథము కావలెనా యనునది రెండవది. బైబిలు సర్వథా నిర్దోషమని గట్టిగా పట్టుపట్టు ప్రొటెస్టంటు పండితులే 1978 లో షికాగోలో చేసిన ప్రకటనలో, అట్టి అంగీకారము రక్షణకు అవశ్యము కాదని ఒప్పుకొనిరి. కాని దానిని నిరాకరించిన విశ్వాసికిని సంఘమునకును హాని తప్పదని హెచ్చరించిరి. రెండవ వాటికన్ మహాసభ 1965 లో వేరొక మార్గము త్రొక్కెను: మన రక్షణకొరకు దేవుడు ఏ సత్యమును లేఖనములందు ఉంచదలచెనో, దానిని అవి దోషములేక బోధించునని. ఇచట రక్షణయే ప్రామాణ్యమునకు కొలబద్ద యైనది. మార్ష్‌మన్ దీనిని సందేహముతో చూచియుండును; రామమోహనుడు, ఆ సత్యమేదో నిర్ణయించువా రెవరని తప్పక అడిగియుండును.

శిబ్‌పూరునకు మరల వత్తము. 1852 మొదలు 1868 వరకు బిషప్స్ కాలేజీలో కృష్ణమోహన బంద్యోపాధ్యాయుడు ఆచార్యుడు. డెరోజియో శిష్యబృందములోనివాడు, 1832 లో బాప్తిస్మము పొందినవాడు, సంస్కృతమున దిట్ట. యౌవనమున స్వమతమును నిష్ఠురముగా దూషించిన ఈతడు, 1875 లో ప్రకటించిన గ్రంథమున వేదమునే సాక్షిగా పిలిచెను. ప్రజాపతి తన్ను తాను యజ్ఞముగా అర్పించుకొనెనను వైదికభావము క్రీస్తు బలికి ముందునీడ యని ఆయన వాదము. వైదిక పండితులు ఈ అన్వయమును అంగీకరింపరు. యజ్ఞతత్త్వమును అది ఇరుకు చేయుచున్నదనుటయు నిజమే. అయినను, ఒక గ్రంథమునకే పరిమితమై యుండిన సాక్ష్యము ఆయన చేతిలో రెండు గ్రంథములకు వ్యాపించినది. అంతతో క్రొత్త ప్రశ్న పుట్టినది: సువార్తను వినని ఆ ఋషుల మాటయేమి? 1880 లో కళాశాల నది దాటి కలకత్తాకు తరలినది. ఆ భవనములలోనికి ఇంజనీరింగు కళాశాల వచ్చెను. ఆ ప్రశ్నకు మాత్రము 1964 లో వాటికన్ సభ కొంతవరకు సమాధానము చెప్పినది. తమ దోషములేక సువార్త నెరుగకపోయినను, నిష్కపటముగా దేవుని వెదకుచు అంతరాత్మ చెప్పినట్లు నడచువారికి రక్షణ పొందు అవకాశము కలదని అది ప్రకటించెను.