తుంటి ఆపరేషన్‌కి ముందే చెప్పాల్సిన మాటలు

అక్కలూ, చెల్లెళ్లూ, ఈసారి ముచ్చట తుంటి కీలు మార్పిడి గురించి. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ చుట్టుపక్కల మన తెలుగు ఇళ్లలో కూడా ఈ ఆపరేషన్ మాట వినిపిస్తూనే ఉంది కదా. జారిపడి తుంటి విరిగిన అవ్వలకే కాదు, నడివయసు మగవాళ్లకూ చేస్తున్నారు. కొందరికి తొడ ఎముక తలకు రక్తం అందక అది చచ్చుబడుతుంది. ఇంకొందరికి వెన్ను బిగుసుకుపోయే కీళ్లవాతం తుంటిదాకా దిగుతుంది.

ఆపరేషన్ బాగానే అవుతుంది, పాత నొప్పి పోతుంది. కానీ కొన్ని వారాలయ్యాక కొందరికి కాలు మళ్లీ బిగుసుకుంటుంది. కుర్చీలోంచి లేవడమే కష్టమవుతుంది. ఎక్స్‌రే తీస్తే కొత్త కీలు చుట్టూ, కండ ఉండాల్సిన చోట ఎముక పెరిగి ఉంటుంది. డాక్టర్లు దీన్ని హెటిరోటోపిక్ ఆసిఫికేషన్ అంటారు.

పేరు విని బెంబేలు పడకండి. పదిమందిలో ముగ్గురు నలుగురికి ఎక్స్‌రేలో ఎంతోకొంత కనిపిస్తుంది గానీ, చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. 1973లో బ్రూకర్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్లూ దీన్ని నాలుగు స్థాయిలుగా విడదీశారు. మొదటి స్థాయిలో కండలో అక్కడక్కడా చిన్న ఎముక ముక్కలుంటాయి. నాలుగోదానిలో కటి ఎముకా తొడ ఎముకా అతుక్కుపోయినట్టే కనిపిస్తాయి. కదలిక బాగా దెబ్బతినేది మూడు, నాలుగు స్థాయిల్లోనే.

మరి ఎవరికి ఎక్కువగా వస్తుంది? ఆడవాళ్లకన్నా మగవాళ్లకి. అంతకుముందు రెండో తుంటికి ఆపరేషన్ అయి అక్కడ ఎముక పెరిగినవాళ్లకి మరీ ఎక్కువ. వెన్ను బిగుసుకుపోయే ఆ కీళ్లవాతం (ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్) ఉన్నవాళ్లకి, కీలు అరిగి చుట్టూ ఎముక మొలకలు బాగా వేసినవాళ్లకి, తుంటికి పెద్ద దెబ్బ తగిలినవాళ్లకి కూడా. డిష్ అనే జబ్బొకటుంది. అందులో వెన్నుపూసల పక్కన కొవ్వొత్తి మైనం కారినట్టు ఎముక పేరుకుంటుంది. షుగరూ ఒళ్లూ ఉన్న పెద్దవాళ్లలో ఎక్కువగా చూస్తాం. వాళ్లూ ఈ వరసలోనే వస్తారు. తలకో వెన్నుపాముకో పెద్ద దెబ్బ తగిలినవాళ్లకి ఆపరేషన్ లేకుండానే తుంటి దగ్గర ఇలా పెరగొచ్చు.

ఇలా ఎందుకు పెరుగుతుందంటే, ఆపరేషన్‌లో కండ కోసి, ఎముక తొలిచి కొత్త కీలు అమరుస్తారు కదా. ఆ గాయాన్ని మాన్పడానికి ఒళ్లు పంపే సంకేతాలకి కండలోని కొన్ని మూలకణాలు ఎముక కణాలుగా మారతాయి. ఈ మార్పు ఆపరేషనైన మొదటి రోజుల్లోనే మొదలవుతుంది. కాబట్టి అడ్డుకోవాలన్నా అప్పుడే. అందుకు దారులు రెండు. ఇండోమెథసిన్, సెలెకాక్సిబ్ లాంటి మాత్రలు కొన్ని వారాలు ఇస్తారు. లేదంటే ఆపరేషన్‌కి ముందు 24 గంటల్లోనో, తర్వాత 72 గంటల్లోనో ఒక్కసారి కొద్ది మోతాదు రేడియేషన్ ఇస్తారు. రేడియేషన్ యంత్రం ప్రతి ఊళ్లో ఉండదు. మదురై దాకా వెళ్లాల్సొస్తే ఆ గంటల లెక్క ముందే చూసుకోవాలి. గడువు దాటి ఎముక గట్టిపడ్డాక మాత్రలతో కరగదు. బాగా ఇబ్బందిపెడితే, అది ముదిరేదాకా నెలల తరబడి ఆగి, మళ్లీ కోసి తీయాల్సిందే.

ఆ మాత్రలు మందుల షాపులో మీరే కొనివ్వకండి తల్లీ. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉంటే ప్రమాదం. ఆపరేషనయ్యాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులతో కలిస్తే రక్తస్రావం కావచ్చు.

ఇంకోటి. ఇంటికి తెచ్చాక ప్రేమకొద్దీ నువ్వులనూనె రాసి కాలు పిసికించకండి. బలవంతంగా వంచి లాగితే దెబ్బతిన్న కండ ఇంకా దెబ్బతింటుంది. పిక్కలో రక్తం గడ్డ ఉంటే కదిలి ఊపిరితిత్తులకి చేరొచ్చు. ఫిజియోథెరపిస్టు చూపిన వ్యాయామం మాత్రం మానొద్దు. తుంటి వేడెక్కి వాచినా, కదలిక రోజురోజుకీ తగ్గినా వెంటనే చూపించండి. అది చీము పట్టడమో, రక్తం గడ్డో, పెరుగుతున్న ఎముకో చూసి తేల్చాల్సింది డాక్టరే.

మన మగవాళ్లు డాక్టరు ముందు కూర్చుంటే "ఏమీ లేదు" అంటారు. ఏ ఏడు ఏ ఆపరేషనైందో, తెల్లారి లేవగానే నడుము ఎంతసేపు పట్టేస్తుందో గుర్తుండేది మనకే. అవన్నీ ఒక కాగితం మీద రాయండి. తమిళంలో రాసినా సరే. పాత ఎక్స్‌రేలు బీరువాలోంచి తీయండి. ఆపరేషన్ తేదీ ఖాయం చేసే రోజునే అవి డాక్టరు చేతిలో పెట్టి, "ఈయనకి ఎముక పెరగకుండా ఏం చేస్తారు?" అని అడగండి. మొహమాటపడకండి. అడగాల్సిన సమయం అదే.