ముందు మేస్త్రీని అడగండి
(ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: ఎం.ఎస్.డబ్ల్యూ. చేశాను, వయసు 24. విదేశాల్లో శాంతి, అభివృద్ధి పనులు చేసే అంతర్జాతీయ సంస్థల్లో చేరాలని కోరిక. ఒక ఆన్‌లైన్ డిప్లొమా చేస్తే సులువవుతుందట. ఫీజు లక్షన్నర. చేరమంటారా?
- ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: వద్దు. ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య ఎక్కువయ్యాయి, కనుక కాస్త పొడుగ్గానే రాస్తాను.

ఐక్యరాజ్యసమితికి వాలంటీర్ల కార్యక్రమం ఒకటుంది. 1970లో పుట్టింది, కేంద్ర కార్యాలయం జర్మనీలోని బాన్‌లో. వాలంటీరు అన్నారని ఊరికే చేయించుకుంటారనుకోకండి. జీతం అనరు గానీ నెలనెలా బతుకు ఖర్చులకు భత్యం ఇస్తారు, ఆరోగ్య బీమా కూడా ఉంటుంది. 18 నుంచి 26 ఏళ్ల వాళ్లది ఒక తరగతి. మీరు అందులోకే వస్తారు. 27 నిండితే స్పెషలిస్టు, కనీసం మూడేళ్ల అనుభవం చూపాలి. 35 నిండితే ఎక్స్‌పర్టు, అక్కడ పదిహేనేళ్లు అడుగుతారు. మెట్టుమెట్టుకూ వాళ్లు లెక్కపెట్టేది పనిచేసిన ఏళ్లనే. పేరు నమోదుకు పైసా కట్టనక్కర్లేదు.

మరి మీకు ఏం పని వచ్చు? ఎం.ఎస్.డబ్ల్యూ. అంటారు. అది చదువు, నేనడిగింది పని. శరణార్థుల శిబిరంలో బోరు ఆగిపోతే బాగుచేసేవాడు కావాలి. అర్ధరాత్రి కాన్పు చేయగల నర్సు కావాలి. రేషను లెక్కలో బస్తా తేడా రాకుండా రాసేవాడు కావాలి. నీళ్ల ట్యాంకరు దగ్గర రెండు గుంపులు బిందెలెత్తితే మధ్యలోకి వెళ్లి మాట్లాడేవాడు కావాలి. మీ ఊళ్లోనే, రాజావారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్ 1959 నాటిది. అక్కడ సివిల్ డిప్లొమా చేసి, నీళ్ల పైపులైన్ల మీద అయిదేళ్లు ఎండలో నిలబడ్డ కుర్రాడు మీకంటే ముందు విమానం ఎక్కుతాడు. కోపం తెచ్చుకోకండి, నిజం అది.

ఇక నా పాత పాట. ఈ శీర్షిక చాలాకాలంగా చదివేవాళ్లు పేజీ తిప్పేయొచ్చు. మీ చుట్టుపక్కల ఏ పల్లెలోనైనా డెబ్భై ఏళ్ల ముసలి మేస్త్రీ ఒకరు దొరుకుతారు. దేశంలో డ్యాం కట్టినా కాలువ తవ్వినా పాలమూరు లేబర్ ఉండేవాళ్లని అందరూ చెప్పుకుంటారు గానీ, ఆ గుంపును నడిపినవాడి సంగతి ఎవరూ అడగరు. పిల్లాజెల్లా సహా నలభై మందిని భాష రాని చోటుకు తీసుకెళ్లి, గుడిసెలు వేయించి, కొట్టువాడి దగ్గర ఉద్దెర ఇప్పించి, కాంట్రాక్టరుతో వచ్చీరాని హిందీలో కూలి బేరమాడి, ఎవరైనా చనిపోతే శవాన్ని ఊరు చేర్చినవాడు. ఈ పనులకు ఇవాళ ఇంగ్లీషులో పెద్ద పెద్ద పేర్లున్నాయి, మీ డిప్లొమాలో అవన్నీ ఉంటాయి. రెండు సాయంత్రాలు ఆయన అరుగు మీద కూర్చోండి. కూలి పంపకంలో తగవొస్తే ఏం చేశావని అడగండి. మేస్త్రీలంతా దేవుళ్లని నేననను. అడ్వాన్సు చేతిలో పెట్టి కుటుంబాలకు కుటుంబాలనే కట్టేసుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల దగ్గర ఇంకా ఎక్కువ కూర్చోండి. ఆ ముడి ఎలా వేస్తారో తెలిస్తే ఏ దేశంలోనైనా గుర్తుపడతారు.

ఇంకోటి. కరువనీ, వలసనీ, పత్తి విత్తనాల చేలల్లో పిల్లలనీ, చెంచు పెంటల్లో ఆరోగ్యమనీ మన దగ్గరికి ఫారాలు పట్టుకుని ఎంతమంది రాలేదు! నెలకు ఆదాయమెంతని మీ నాయనను అడిగినవాడు మళ్లీ కనిపించాడా? జవాబు చెప్పే వైపు కూర్చున్న అనుభవం మీకుంది. ఢిల్లీలో, లండన్‌లో చదివినవాళ్లకు అది దొరకదు. మీ దరఖాస్తులో మొదటి పేరా దాని గురించే రాయండి.

ఇప్పుడు చేయాల్సింది: మూడేళ్లు ఒకే చోట, ఒకే పని. గద్వాల సీడ్ పత్తి చేలకు వెళ్లండి. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీయడం, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దడం - ఆ క్రాసింగ్ పనిలోకి బడి మానేసిన పిల్లలు ఎలా వస్తారో చూసి, నలుగురినైనా వెనక్కి పంపండి. బడి బయట ఉన్న పిల్లలందరూ బాలకార్మికులే అన్న ఎం.వి. ఫౌండేషన్ మాట రంగారెడ్డి జిల్లా ఊళ్లలో పుట్టిందే. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు తెచ్చిన పని అది. దానికి ఎవరూ లక్షన్నర ఫీజు కట్టలేదు.

ప్రశ్న: అమెరికా పీస్ కోర్‌లో గానీ, జర్మనీ వాళ్ల సివిల్ పీస్ సర్వీసులో గానీ మనం చేరొచ్చా?
- కల్వకుర్తి నుంచి ఒకరు

జవాబు: భారత పాస్‌పోర్టు మీద రెండూ కుదరవు. మొదటిది అమెరికా పౌరులకు, రెండోదానిలో బయటి దేశాలకు పంపే నిపుణులు యూరోపియన్ యూనియన్ లేదా స్విట్జర్లాండ్ పౌరులై ఉండాలి.

ప్రశ్న: మా తమ్ముడు లారీ డ్రైవరు, టెన్త్ తప్పాడు. దక్షిణ సూడాన్‌లో యూఎన్ క్యాంపు ఉద్యోగమని ఒకాయన లక్ష అడ్వాన్సు అడుగుతున్నాడు.
- ఒక అక్క, గద్వాల

జవాబు: ఇవ్వకమ్మా. ఐక్యరాజ్యసమితి ఏ దశలోనూ ఒక్క రూపాయి తీసుకోదు. క్యాంపులకు మనుషుల్ని పెట్టే ప్రైవేటు కాంట్రాక్టర్లు ఉంటారన్నది నిజమే. అప్పుడైనా రిజిస్టరైన ఏజెంటు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ దాటి తీసుకోకూడదు. టెన్త్ లేదు కాబట్టి మీ తమ్ముడికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి, అది అవసరమైన దేశాల జాబితాలో దక్షిణ సూడాన్ ఉంది. అడ్వాన్సు అడిగినాయన పేరు ప్రభుత్వ వెబ్‌సైట్ ఇ-మైగ్రేట్‌లో ఉందో లేదో చూడండి. లేకపోతే ఆయన పోసే చాయ్ కూడా తాగొద్దు.

ప్రశ్న: ఎస్సైని. ఐక్యరాజ్యసమితి శాంతి దళానికి వెళ్లాలంటే?

జవాబు: డిపార్ట్‌మెంటు ద్వారానే. అయిదేళ్ల సర్వీసు ఉండాలి, ఇంగ్లీషు పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష నెగ్గాలి. జీపుకు డ్రైవరున్నాడని స్టీరింగ్ మరిచిపోకండి.

ప్రశ్న: మా అమ్మాయి పాలెంలో బీఎస్సీ అగ్రికల్చర్ చేసింది. ఉగాండాలో పల్లి రైతులతో పనిచేసే ప్రాజెక్టుకు ఎంపికైంది. ఆడపిల్లను ఒంటరిగా ఆఫ్రికా పంపడమేమిటని మా అన్నదమ్ములు గోల.
- ఒక తండ్రి, నాగర్‌కర్నూల్

జవాబు: డల్లాస్ అయితే ఇదే అన్నదమ్ములు ఎయిర్‌పోర్టుకు బండి కట్టించేవాళ్లు. 2007లో మన సీఆర్‌పీఎఫ్ ఆడపిల్లలు తుపాకులు పట్టుకుని లైబీరియా వెళ్లారు. శాంతి దళాల్లో అందరూ మహిళలే ఉన్న మొదటి పోలీసు దళం అదే. మీ అమ్మాయి వెళ్తున్నది పల్లి చేనుకు. అక్కడ పల్లికి రోజెట్ తెగులు వస్తుంది, పేనుబంక మోసుకొస్తుంది. అది ఆఫ్రికాలో తప్ప ఎక్కడా లేదు, పాలెంలో ఆమె దాన్ని చూసి ఉండదు. భయపడాలంటే ఆ పరీక్షకు భయపడండి. మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి: ఒప్పందం రాతపూర్వకంగా ఉందా, బీమా ఉందా, గొడవలొస్తే దేశం దాటించే బాధ్యత ఎవరిది. ఉగాండాకు ఎల్లో ఫీవర్ టీకా పత్రం తప్పనిసరి. హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించండి, ఆలోగా అయితే పత్రం చెల్లదు.