‘లూసిడ్’ అను మాట: దాని యర్థము, ప్రయోగము



ఆంగ్లభాషయందు స్పష్టతను దెలుపు విశేషణములు పెక్కులు గలవు. వానిలో ‘క్లియర్’ అను మాటను మీరు చిన్న తరగతులనుండియు నెఱుగుదురు. పై తరగతులకు వచ్చిన కొలదిని ‘లూసిడ్’ అను మఱియొక మాట మీ పాఠ్యగ్రంథములయందును, పత్రికలయందును గానవచ్చును. నిఘంటువు తెఱచి చూచితిరేని దాని కెదుట ‘స్పష్టమైన’ అని యుండును. అంతటితో నిఘంటువును మూసి, ‘క్లియర్’ అని వ్రాయవలసిన తావులందెల్ల ‘లూసిడ్’ అని వ్రాసినచో వాక్యమునకు గాంభీర్యము వచ్చునని తలచువారు కొందఱు గలరు. అట్టివారు ‘లూసిడ్ రోడ్’ అనియు, ‘లూసిడ్ ప్రాఫిట్’ అనియు వ్రాసి, పరీక్షయందు మార్కులు పోగొట్టుకొందురు. మాట యర్థము తెలియుట యొకటి. ఆ మాట యే మాటల సరసన నిలుచునో తెలియుట మఱియొకటి. ఈ రెండవదానిని గూర్చియే యీ పాఠము.

మాట పుట్టుక

లాటిను భాషలో ‘లూక్స్’ అనగా వెలుగు. ‘లూకేరే’ అనగా ప్రకాశించుట. అందుండి పుట్టిన ‘లూకిదుస్’ అను విశేషణమే 16వ శతాబ్దపు తుదిభాగమున ఆంగ్లములో ‘లూసిడ్’ అయ్యెను. మొదట దాని యర్థము ‘ప్రకాశించునది’ అని. పిమ్మట వెలుగును దనగుండ బోనిచ్చు నిర్మలమైన నీటికిని, స్ఫటికమునకును నన్వయించెను. తుదకు మనుష్యుని బుద్ధికిని, వాక్కునకును వర్తించెను. నేటి గద్యమునందు ఈ తుది యర్థమే వాడుకలో నున్నది. తక్కిన రెండును కావ్యములలో మాత్రమే యెక్కువగా గనబడును.

ఈ మాటకు బంధువులు పెక్కురు గలరు. ‘ఎలూసిడేట్’ అనగా వెలుగులోనికి దెచ్చుట, అనగా వివరించుట. ‘ట్రాన్స్‌లూసెంట్’ అను మాటను మీరు భౌతికశాస్త్రమున జదివియుందురు. నూనె పూసిన కాగితమువలె వెలుగును బోనిచ్చియు, ఆవలి వస్తువు ఆకారమును గనబడనీయని దానికి ఆ పేరు. సంస్కృతములోని ‘రుచ్’ ధాతువు సయితము ఈ కుటుంబములోనిదే యని భాషాశాస్త్రజ్ఞులు నిశ్చయించిరి. మనము నాలుకకు సంబంధించినదిగా నెంచు ‘రుచి’ యను శబ్దమునకు సంస్కృతమున కాంతి యను నర్థము గూడ గలదు. మఱియొక వింత వినుడు. లాటినున చంద్రునికి ‘లూనా’ అని పేరు; అదియు నీ వెలుగు ధాతువునుండి వచ్చినదే. చంద్రకళల మార్పువలన మతిభ్రమణము గలుగునని పూర్వకాలపు యూరపువారు నమ్మి, అట్టి రోగిని ‘లూనటిక్’ అనిరి. కావున తెలివిని దెలుపు ‘లూసిడ్’, తెలివి తప్పుటను దెలుపు ‘లూనటిక్’, రెండును ఒక్క యింట బుట్టినవే. రోగులను ‘లూనటిక్’ అని పిలుచుట నేడు మర్యాద గాదు. మన దేశమున 1912 నాటి లూనసీ చట్టమును 1987 నాటి మానసికారోగ్య చట్టము తొలగించినది.

ప్రయోగము

‘క్లియర్’ అను మాట యెల్లయెడల దిరుగాడు పనివానివంటిది. ఆకాశము, త్రోవ, కంఠస్వరము, లాభము, మనస్సాక్షి: అన్నిటిముందును అది నిలువగలదు. ‘లూసిడ్’ అట్టిది కాదు. వివరణము, వాదము, శైలి, ఉపన్యాసము, వ్రాతకాడు, బోధకుడు, మనస్సు: ఇట్టివాని ముందుమాత్రమే అది యొప్పును. ‘ఎ లూసిడ్ ఎక్స్‌ప్లనేషన్’, ‘ఎ లూసిడ్ స్టైల్’, ‘ఎ లూసిడ్ మైండ్’ అనుట యాంగ్లేయుల సంప్రదాయము. దీని నామవాచకము ‘లూసిడిటీ’, క్రియావిశేషణము ‘లూసిడ్‌లీ’. దీనికి విరుద్ధార్థమున ‘ఆబ్‌స్క్యూర్’, ‘కన్‌ఫ్యూజ్డ్’ అను మాటలను వాడవలెను.

మఱియొక నియమము గలదు. చెప్పబడు విషయమున గొంత చిక్కు ఉన్నప్పుడే ‘లూసిడ్’ అను ప్రశంస తగును. ‘తలుపు మూయుము’ అను నాజ్ఞ క్లియర్‌గా నున్నది. దానిని లూసిడ్ అన్నచో వినువారు నవ్వుదురు. అందు మొదటినుండియు చీకటి లేదుగదా! ‘సింపుల్’ అను మాటతోను దీనిని గలుపరాదు. ప్రతి పూర్ణిమకును చంద్రగ్రహణము రాకపోవుటకు గారణము సింపుల్ విషయము గాదు. చంద్రుడు భూమిచుట్టు దిరుగు తలము, భూమి సూర్యునిచుట్టు దిరుగు తలమునకు రమారమి 5 డిగ్రీలు వాలియున్నదని తెలియవలెను. ఆ వాలు కారణముగా పెక్కు పూర్ణిమలయందు చంద్రుడు భూఛాయకు బైగానో క్రిందుగానో సాగిపోవును. నల్లబల్లపై రెండు వలయములు గీసి దీనిని పది నిముషములలో బోధపఱుచు నుపాధ్యాయుని వివరణము లూసిడ్. విషయము కఠినముగనే యుండి, త్రోవ వెలుతురుగా నుండుట దీని లక్షణము.

ఒక గొప్ప యుదాహరణము

ఈ గుణమునకు మైకేల్ ఫారడే మంచి నిదర్శనము. ఆయన 1791లో నొక కమ్మరియింట జన్మించెను. బాల్యమున దక్కిన చదువు స్వల్పము. పుస్తకములు కుట్టువానియొద్ద పని నేర్చుకొనుచు, కుట్టవచ్చిన పుస్తకములనే చదివెను. 1812లో సర్ హంఫ్రీ డేవీ యుపన్యాసములు విని, వానిని వ్రాసికొని, తన చేతితోనే గ్రంథముగా గుట్టి యాయనకే పంపెను. మఱుసటి యేట లండను నగరపు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడుగా జేరెను. 1825లో నచట బాలబాలికలకు క్రిస్మసు ఉపన్యాసములు మొదలయ్యెను. ఆ వరుసలో 1860 – 61లో ఫారడే కొవ్వువత్తిని గూర్చి యిచ్చిన యాఱు ఉపన్యాసములు 1861లో గ్రంథరూపమున వెలువడి, నేటికిని చదువబడుచున్నవి.

అందాయన యేమి చేసెనో చూడుడు. కొవ్వు కరగుట, కరగినది వత్తివెంట బైకెక్కుట, పైకెక్కినది ఆవిరియగుట మొదట చూపెను. పిమ్మట మండునది ఆ యావిరియే యని నమ్మించుటకు, జ్వాల నడుమ నొక గాజుగొట్టము నుంచి, ఆవిరిని వెలుపలికి దెచ్చి, గొట్టము రెండవ కొనయందు ముట్టించెను. అప్పుడే యార్చిన వత్తికి కొంచె మెడముగా మంటను బట్టినచో, ఆవిరివెంట మంట పరుగెత్తి వత్తి మరల వెలుగుటను జూపెను. జ్వాలపై జల్లని పాత్ర నుంచి, దాని యడుగున నీటిబొట్టులు గట్టుటను జూపెను. తుదియుపన్యాసమున కొవ్వువత్తి మండుటయు, మనము శ్వాసించుటయు నెట్లు పోలియున్నవో తెలిపెను.

ఇందు మనము గ్రహింపదగినవి మూడు. తెలిసినదానినుండి తెలియనిదానికి నడచుట మొదటిది. కొవ్వువత్తి నెఱుగని బాలుడు ఆ సభలో లేడు. వస్తువును గన్నులార జూపిన పిమ్మటనే దానికి శాస్త్రనామము జెప్పుట రెండవది. నడుమ నొక్క మెట్టును విడువకుండుట మూడవది. ఈ మూడింటికిని మూలము, చెప్పువాడు తాను సంపూర్ణముగా గ్రహించియుండుట. తనకు మసకగా దెలిసినదానిని ఎన్ని యాంగ్లపదములు పేర్చి చెప్పినను, వినువానికి నూనెకాగితము గుండ జూచినట్లే యుండును. ఏదో వెలుతురు తోచును, ఆకారము గనబడదు.

మన భాషలో

మన యాలంకారికులు ఈ గుణమును ‘ప్రసాదము’ అనిరి. మమ్మటుడు కావ్యగుణములను మాధుర్యము, ఓజస్సు, ప్రసాదము అని మూడుగా నిర్ణయించి, ఎండుకట్టెయందు నిప్పు వ్యాపించినట్లు అర్థము వెంటనే మనస్సున వ్యాపించుట ప్రసాదమని వివరించెను. 11వ శతాబ్దమున నన్నయభట్టు తన భారతరచనను గూర్చి చెప్పుకొనుచు ‘ప్రసన్న’ శబ్దమును వాడియున్నాడు. కాన ‘లూసిడ్ స్టైల్’ అనుదానిని ‘ప్రసన్నమైన శైలి’ యని తెలిగింపవచ్చును. ‘లూసిడ్ ఎక్స్‌ప్లనేషన్’ విశదమైన వివరణము.

అచ్చతెనుగున ‘తేట’ యను చక్కని మాట గలదు. ఆంగ్లపదము వెలుగునుండి పుట్టినది. మన మాట నీటిని దలపించును. ఏటి క్రొత్తనీటిని కుండకెత్తి, ఇండుపగింజ నరగదీసి కలిపినచో, మట్టి యడుగున జేరి పైనీరు తేఱును. ఆ పైనీరే తేట. వాక్కును తేటపఱుచుటయు నట్టిదే: తొందరపడి కలియబెట్టక, తలపులను గొంతసేపు తేఱనిచ్చి పిమ్మట వ్రాయవలెను. ‘తేటతెల్లము’ అను మన వాడుక ఇందుండి వచ్చినదే.

నిఘంటువుమాత్రము చాలని తావులు

‘లూసిడ్’ చేరిన కొన్ని జంటపదములకు ‘స్పష్టమైన’ అను నర్థము బొత్తిగా జాలదు. ‘లూసిడ్ డ్రీమ్’ అనగా స్పష్టముగా గనబడిన కల యని కొందఱు వ్రాయుదురు, అది తప్పు. కల గనుచున్నవాడు ‘ఇది కల’ యని కలలోనే యెఱిగియుండుట దాని యర్థము. వాన్ ఈడెన్ అను డచ్చి వైద్యుడు 1913లో ఆంగ్లమున బ్రకటించిన వ్యాసములో ఈ మాటను వాడెను. 1975లో ఇంగ్లండులోని హల్ నగరమున కీత్ హర్న్ అను పరిశోధకుడు, నిద్రించువాడు అట్టి కలనుండి ముందనుకొన్న చొప్పున కనుగ్రుడ్లు కదల్చి సంజ్ఞ చేయగలుగుటను యంత్రసహాయమున నమోదు చేసెను. ఇచట ‘లూసిడ్’ అనగా ఎఱుకగల.

‘లూసిడ్ ఇంటర్వల్’ అను జంట మిక్కిలి ముఖ్యమైనది. న్యాయశాస్త్రమున, మతిభ్రమణము గల రోగికి నడుమనడుమ తెలివి కుదుటపడియుండు కాలమునకు ఆ పేరు. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము 12వ సెక్షను, సాధారణముగా మతి స్వస్థత లేనివాడు, స్వస్థత గల సమయమున ఒప్పందము చేసికొనవచ్చునని చెప్పుచున్నది. ఒక కుటుంబపు భూమి నిలుచుటయు, పోవుటయు, సంతకము పెట్టిన గడియయందు ఆ తెలివి యున్నదా లేదా యను ప్రశ్నపై నాధారపడవచ్చును.

వైద్యశాస్త్రమున దీని యర్థము వేఱు. తలిదండ్రులు దీనిని శ్రద్ధగా జదువవలెను. ఆటలో బంతియో, కఱ్ఱయో, చెట్టునుండి పడుటయో తలకు గట్టిదెబ్బ తగిలించినప్పుడు, పుఱ్ఱెకును మెదడును గప్పు బలమైన పొరకును నడుమ రక్తనాళము తెగి నెత్తురు చేరుట గలదు. అట్టి బాలుడు కొంచెముసేపు స్పృహ తప్పి, మరల లేచి, మాటలాడి, ‘నాకేమియు లేదు’ అని నడచిపోవచ్చును. ఈ నడిమి కాలమే లూసిడ్ ఇంటర్వల్. అది కొన్ని నిముషములో, కొన్ని గంటలో యుండును. లోపల నెత్తురు పెరిగి మెదడును నొక్కినంతనే తలనొప్పి హెచ్చుట, వాంతులు, మగత, తికమక మాటలు, ఒక కంటిపాప పెద్దదగుట, ఒకవైపు కాలుసేతులు బలహీనమగుట మొదలగు చిహ్నములు పొడసూపును, ఆలస్యమైన ప్రాణాపాయము. ఇట్టివారందఱికిని ఈ నడిమి తెలివి రావలెనను నియమము లేదు. కావున తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినవాడు తేఱుకొన్నను, ‘పండుకొననిండు, అలసినాడు’ అని విడువక, వెంటనే పెద్ద ఆసుపత్రికి గొనిపోవలెను. స్కాను తీసి చూచినచో లోపలి నెత్తురు బయటపడును. సకాలమున శస్త్రచికిత్స జరిగిన పెక్కురు బ్రదుకుదురు. ఇచట ‘లూసిడ్’ అను మాటను ‘బాగుపడినాడు’ అని యర్థము చేసికొనుట యొక నిండుప్రాణమును బలిగొనవచ్చును.

అభ్యాసము

ఈ క్రింది తావులలో ‘క్లియర్’ తగునో, ‘లూసిడ్’ తగునో, రెండును దగునో కారణముతో వ్రాయుడు.

1. మబ్బులేని యాకాశము.
2. గ్రహణమును గూర్చి సైన్సు మాస్టరుగారి వివరణము.
3. ఖర్చులు పోగా మిగిలిన లాభము.
4. చిక్కు వ్యాజ్యెమున న్యాయాధిపతి వ్రాసిన తీర్పు.
5. ‘ఇచట ఉమ్మివేయరాదు’ అను ప్రకటన.

పిమ్మట మీకు బాగుగా దెలిసిన యొక పనిని, మగ్గముపై నేయుటగాని, పాలు తోడుబెట్టుటగాని, సైకిలు చక్రమునకు పంక్చరు వేయుటగాని, ఆ పని యెన్నడును జూడనివానికి బోధపడునట్లు పది వాక్యములలో వ్రాయుడు. వ్రాసినదానిని మీ తమ్మునికో చెల్లెలికో చదివి వినిపింపుడు. ఏ వాక్యమువద్ద ‘ఎందుకు?’ అని యడుగుదురో, అచట మీరొక మెట్టు విడిచితిరని తెలిసికొని, దానిని జేర్చి మరల వ్రాయుడు. అడుగుట మానినప్పుడు, మీ వ్రాత ‘లూసిడ్’ అయినదని యెఱుగుడు.