చంద్రతాల్ తీరమున ఒక పగలు

హిమాచల ప్రదేశమునందలి లాహౌల్-స్పితి జిల్లాలో, సముద్రమట్టమునకు సుమారు 4,300 మీటర్ల యెత్తున చంద్రతాల్ అను సరస్సు కలదు. తాల్ అనగా సరస్సు. నెలవంకవలె వంగియుండుటచే దానికి ఆ పేరు కలిగినదందురు. ధర్మరాజు ఇచ్చటనే ఇంద్రుని రథమెక్కి స్వర్గమునకేగెనని ఆ ప్రాంతపు ప్రజల నమ్మకము.

శీతకాలమున ఈ ప్రదేశమునకు పోవు దారులు మంచుచే మూసికొనిపోవును. సాధారణముగా జూన్ మొదలు అక్టోబరు వరకే యాత్రికులు పోగలుగుదురు. బాతల్ అను మజిలీనుండి సుమారు 14 కిలోమీటర్లు రాళ్లబాటన ప్రయాణింపవలెను. వాహనములు తీరమువరకు పోవు. చివరి కొంత దూరము కాలినడకయే.

తీరమున నిలిచినవానికి ముందుగా తోచునది నిశ్శబ్దము. చుట్టును చెట్టన్నది లేదు. బూడిదవన్నె కొండలు, వాని పాదముల పచ్చిక, నడుమ నీలిరంగు నీరు. ఎండ పొడ మారినకొలదియు ఆ నీలము ఆకుపచ్చగను, మరల ముదురునీలముగను మారుచుండును.

సరస్సును చుట్టివచ్చు దారి కొలది కిలోమీటర్లే. మైదానమున చురుకైన బాలుడు దానిని స్వల్పకాలములో ముగింపగలడు. ఇచ్చట సగము పగలు పట్టినను తప్పులేదు. ఏలయన, ఎత్తునకు పోయినకొలది గాలి పలుచనగును. ఈ యెత్తున వాయుపీడనము సముద్రతీరమునందలి దానిలో నూటికి 60 వంతులు మాత్రమే. ప్రతి శ్వాసతోడను అందు ప్రాణవాయువు ఆ మేరకు తగ్గును. తొందరపడువానికి ఆయాసము, తలనొప్పి, వాంతులు కలుగును. వానిని లక్ష్యపెట్టక పైపైకి పోయినచో ఊపిరితిత్తులలోగాని మెదడులోగాని నీరుచేరి ప్రాణాపాయము కలుగవచ్చును. అట్టివానిని వెంటనే క్రిందికి దింపుటయే ముఖ్య చికిత్స. అందుచేత తెలిసినవారు ముందుగా తక్కువ యెత్తున కొన్ని రాత్రులు గడపి, శరీరమును అలవాటు చేసికొని, పిదప మెల్లగా నడచెదరు.

మెల్లగా నడచువానికే వింతలు కనబడును. సరస్సులోనికి వచ్చు పెద్ద వాగేదియు కంటబడదు. వెలుపలికి పోవు ప్రవాహము మాత్రము కనబడును. అది చంద్రానదిలో కలియును. చంద్ర తాండి కడ భాగానదితో కూడి చంద్రభాగయగును. చీనాబ్ అని ప్రసిద్ధిచెందినది ఆ నదియే. వేసవిలో ఈ నీటియందు చక్రవాకములు విహరించును. మన కవులు జక్కవలని వర్ణించిన పక్షులివియే! చలికాలమున అవి మన చెరువులకును దిగివచ్చును.

ఈ సరస్సు 2005లో రాంసార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపు పొందెను. తీరమున గుడారములు వేయుట నిషిద్ధము. అంత చలిలో చెత్త త్వరగా కుళ్లదు. ఒకడు పారవేసినది ఏండ్లతరబడి అచ్చటనే నిలిచియుండును.

మధ్యాహ్నము దాటగనే తరచుగా గాలి హెచ్చును, మేఘములు క్రమ్మును. అప్పుడు వెనుదిరుగుటయే వివేకము. 2023 జూలైలో అకాలముగ మంచు కురియగా సుమారు 300 మంది యాత్రికులు చంద్రతాల్ కడ చిక్కుకొనిరి. రక్షకదళములవారు దారిలోని మంచును తొలగించి వారిని వెలికి తెచ్చిరి. వేసవి నడుమనే ఇట్లు జరిగినది.

నిదానమే ప్రధానమని పెద్దలందురు. ఊరిలో అది హితవాక్యము. చంద్రతాల్ తీరమున అదియే ప్రాణరక్షణము.