చిత్రములో వెలుగునీడల సత్యము

భవనమును కట్టకమునుపే దాని బాహ్యరూపమును కంప్యూటరుపై ఫొటోవలె చిత్రించు విద్యను నేడు పలువురు విద్యార్థులు నేర్చుకొనుచున్నారు. ఇట్టి చిత్రమునే రెండరు అందురు. మెదకు చర్చి నుదాహరణముగా గైకొని, బ్లెండరు అను సాఫ్టువేరులో దీనిని నమ్మదగినట్లు చేయు క్రమమును వివరింతుము.

మొదటిది కొలత. 1924లో ప్రతిష్ఠింపబడిన ఆ చర్చి గోపురము సుమారు 175 అడుగులు, అనగా 53 మీటర్ల యెత్తుగలది. నమూనాలోను అంతే యుండవలెను. కొలత తప్పినచో చెంతనున్న చెట్లును మనుష్యులును ఆటబొమ్మలవలె గనబడుదురు.

రెండవది సూర్యుడు. మెదకు సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. డిసెంబరు 22న నడిమధ్యాహ్నమందు సూర్యుడు దక్షిణదిక్కున సుమారు 48½ డిగ్రీల యెత్తున నుండును. జూను 21న నడినెత్తికి ఉత్తరముగా 5½ డిగ్రీలు తొలగియుండును. కావున జూను మధ్యాహ్నమున దక్షిణపు గోడపై ఎండ చూపుట, ఎంత అందముగా నున్నను, అసత్యమే. మరియు సూర్యబింబము మన కంటికి అర డిగ్రీ వెడల్పున గనబడును. సూర్యదీపపు కోణమును అంతే యుంచినచో, 50 మీటర్ల దూరమునుండి పడు నీడయొక్క అంచు సుమారు అర మీటరు మేర మెత్తబడును. కోణము సున్న యైనచో నీడలన్నియు కత్తితో కోసినట్లుండును.

మూడవది గోడరంగు. సున్నము వేసిన గోడయైనను తనపై పడిన వెలుగునంతయు తిరిగి పంపదు. కనుక తెలుపును 1గా గాక 0.8 ప్రాంతమున నుంచవలెను.

నాలుగవది ఎక్స్‌పోజరు. ఎండలోని రాయియు నీడలోని గుమ్మమును రెండును తెలియునట్లు దీనిని సవరింపవలెను. 2023లో వెలువడిన 4.0 కూర్పునుండి బ్లెండరులో ఏజీఎక్స్ అను వర్ణక్రమము ముందే అమర్చబడియున్నది. అది మిక్కిలి వెలుగుగల భాగములు వెలవెలబోకుండ కాపాడును.

ఐదవది శాంపిళ్లు. ఇవి తక్కువైనచో చిత్రముపై ఇసుక చల్లినట్లు చుక్కలు కానవచ్చును. ఆ చుక్కలు సగమగుటకు శాంపిళ్లు నాలుగింతలు కావలెను: 128కి బదులు 512. క్రొత్తవారు మొదట దీనినే పెంచుదురు. కాని సూర్యుడు తప్పుచోట నున్నప్పుడు శాంపిళ్లు ఎన్నియైనను, తప్పు మరింత స్పష్టమగునేగాని ఒప్పు కానేరదు.

ఇది వినోదమాత్రము కాదు. కట్టబోవు బడికి చందా యిచ్చు బీదలు చిత్రమును నమ్మియే యిత్తురు. వరండాలో లేని నీడను చూపినచో, పిమ్మట పిల్లలు ఎండలో కూర్చుండవలసివచ్చును.

అభ్యాసము: విద్యార్థులారా, ఉదయము 9 గంటలకు బడిగోడ నీడను అడుగులతో కొలువుడు. ఆ తేదీని, వేళను, స్థలమును కంప్యూటరులో అమర్చి, ఆ రెండు నీడలును సరిపోవునేమో పరీక్షించుడు.